నలభై ఒకటికీ నలభై రెండుకీ మధ్య

సోహార్‌లో తెల్లవారుజాము మూడు.
కిటికీ అద్దానికి బయటివైపు చెమట.
పంపు హౌసు మోత గోడలోంచి కుర్చీలోకి,
కుర్చీలోంచి నా పళ్ళలోకి.

ఈ వాల్వులకు బుద్ధి చెప్పిన కంపెనీ
ఏనాడో మూతపడింది.
రాసిన మూలం లేదు. రాసినవాళ్ళ ఫోన్లు మోగవు.
మెషీను మింగిన అంకెలు మాత్రం మిగిలాయి.
వాటిని కక్కించి
సగం దారిదాకా వెనక్కి నడిపించాను.
అటు మనిషి మాటా కాదు, ఇటు యంత్రం మాటా కాదు.
సైఫ్ సారూ, బలూచీ ఫిట్టర్లూ, ఓబులేసూ
ట్యాంకుల కింద మాట్లాడుకునే దానిలాగే ఉంటుంది:
"అర్బాబ్, పానీ మాఫీ, వాల్వ్ సీదా బంద్."
వ్యాకరణం అడక్కండి. పని జరుగుతుంది.

ఇక్కడ ఒక పేరు ఒక్కసారే పుడుతుంది.
నలభై ఒకటి: పీడనం చదువు.
నలభై రెండు: వాల్వు తెరువు.
చదివింది లాగ్ పుస్తకంలోకి పోతుంది,
వాల్వు దాన్ని అడగదు.
పోయిన నెల ఆ రెండు వరుసల సందులోనే
ఓబులేసు చూపుడువేలు పోయింది.
రిపోర్టులో మానవ తప్పిదం అని ఉంది.
సంతకం నాది కాదు. చదివాను, అంతే.

ఒక్క మాట చొప్పించాలి: ఆగు.

మొదట బ్లాకు చివర, దూకే ఆజ్ఞ తర్వాత పెట్టాను.
దూకేశాక ఆగమంటే ఎవరికి వినపడుతుంది?
తర్వాత నెత్తిన పెట్టబోయాను.
అక్కడ ఫై కూర్చుని ఉంది,
ఎయిర్‌పోర్టు కౌంటరులో మనిషిలా:
"ఏ దారిన వచ్చావు? దాన్నిబట్టే నీ విలువ."
దానికంటే ముందు ఎవరూ నిలబడకూడదు.

సరే, కిందికి జరిగాను.
కొత్త విలువకు కొత్త నంబరు వచ్చింది.
పాత నంబరు వాడిన ప్రతి గుమ్మానికీ వెళ్ళి చెప్పి రావాలి,
రెసిడెంటు కార్డు మారినప్పుడు
బ్యాంకుకీ, సిమ్ము దుకాణానికీ, కరెంటు ఆఫీసుకీ
ఎండలో తిరిగినట్టు.
ఒక గుమ్మం ఎక్కువే తట్టాను.
కొత్త నంబరు అక్కడికి చేరే దారే లేదు.
తనిఖీ కసిరింది: "పుట్టకముందే వాడుతున్నావు."

నాలుగోసారి అన్నీ కుదిరాయి. నడిపాను.
వాల్వు ఎప్పటిలాగే టక్కున తెరుచుకుంది.
వెతికితే నా ఆగు లేదు.
ఆప్టిమైజరు ఊడ్చేసింది.
దాని లెక్కలో
ఫలితం ఎవరూ వాడుకోని పని పనే కాదు,
ఊరికే నిలబడటం ఖర్చు.
కోపం రాలేదు. తెలిసిన లెక్కే.
ఓవర్‌టైం కాగితాల మీద
ఎర్ర పెన్నుతో కొట్టేసిన గంటలు చూశాను కదా.

కరక్ టీ మీద మీగడ కట్టింది.
వేలితో తీసేసి, చల్లటిదే తాగి,
ఆ వరుసకు ఒక గుర్తు తగిలించాను:
ఇది బయటి లోకాన్ని తాకుతుంది, చెరపకు.
అబద్ధం కాదు.
ఈ ప్రోగ్రాముకు బయటి లోకమంటే
రాయచోటి మనిషి, తొమ్మిది వేళ్ళు.

ఏడింటికి షిఫ్టు మారింది.
ఓబులేసు క్యారియరు మెట్టుమీద పెట్టి
కట్టు లేని చేత్తో బటన్ నొక్కాడు.
అర సెకను.
పీడనం ముల్లు దిగేదాకా ఇంకో అర.
అప్పుడు తెరుచుకుంది.

తల పక్కకి వంచి విన్నాడు.
"ఏమక్కా, ఇది ఈ పొద్దు
కొంచెం యోచన జేస్తాండాది?"
"పాతబడింది కదా" అన్నాను.
"మంచిదేలే. వయసొచ్చినాక
ఆ మాత్రం ఉండాల."

ఇంకా ముప్ఫై ఏడు వాల్వులున్నాయి.
టీ చెప్పాను, రెండు.